పువ్వుల కోసం వెళ్ళి గోడలు చూసొచ్చాను

మా ఆయనకి తోటల్లో నచ్చేది బెంచీ ఒక్కటే. నాకేమో బోర్డులు. మొక్క పక్కన గుచ్చి ఉండే ఆ చిన్న రేకు ముక్క మీద లాటిన్ పేరేమిటో, ఏ కుటుంబమో, ఏ దేశం నుంచి వచ్చిందో చదవందే నా కాలు ముందుకి పడదు. టూర్ అయ్యాక ఫోన్ తెరిచి చూసుకుంటే రెండు వందల పైచిలుకు ఫొటోలు, దాదాపు అన్నీ బోర్డులవే. "ఇంతకీ మొక్కలేవీ?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఏప్రిల్ మొదట్లో వెళ్ళాం. ఇటలీలో పాదువా, ఫ్రాన్స్‌లో వెర్సాయ్, తర్వాత లండన్. మ్యూజియంలూ షాపింగులూ వద్దు, పాత తోటలే చూద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు, రోజుకి ఒక్క తోటే అని. ఏప్రిల్లో ఏముంటుంది, జూన్‌లో వెళ్ళండి, అప్పుడైతే గులాబీలు విరగబూసి ఉంటాయని చెప్పినవాళ్ళు చాలామంది. సెలవు దొరికింది అప్పుడే మరి. వెళ్ళొచ్చాక అనిపించింది, ఆ దొరకడమే మంచిదయిందని. ఆకులు దట్టంగా ఉంటే ఏ తోటైనా ఒకేలా పచ్చగా కనబడుతుంది. ఆకులు లేనప్పుడే దాని ఎముకలు బయటపడతాయి. నాకు మొదట కనబడ్డవి గోడలు.

పాదువా తోటది గుండ్రటి గోడ. అలా గుండ్రంగా తోట కట్టడం నేనెక్కడా చూడలేదు. లోపల ఆ గుండ్రంలో ఒక చతురస్రం, అందులో నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో చిన్న చిన్న మడులు. 1545లో వెనిస్ రిపబ్లిక్ సెనేట్ తీర్మానంతో పెట్టిన తోట ఇది. పీసాలో తోట దీనికంటే ఓ ఏడాది ముందే మొదలైంది కానీ అది రెండుసార్లు చోటు మారింది. మొదలుపెట్టిన చోటే ఉన్న యూనివర్సిటీ తోటల్లో పాదువాదే అన్నిటికన్నా పాతది. ఫ్రాంచెస్కో బొనఫెదె అనే ప్రొఫెసర్ మందుమొక్కల గురించి పాఠం చెప్పేవాడు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే సరిపోదు, మొక్కనే చూపించాలని పట్టుబట్టాడు. అప్పట్లో మందుల్లో కల్తీ ఎక్కువ, పొరపాట్లు అంతకంటే ఎక్కువ. ఒక ఆకు బదులు ఇంకో ఆకు నూరి ఇస్తే రోగి సంగతి అంతే. అసలేదో నకిలీ ఏదో విద్యార్థి కంటితో చూసి పోల్చుకోవాలి. తోట పెట్టింది అందుకు.

పెట్టగానే దొంగలు పడ్డారు. మందుమొక్కలంటే డబ్బు. జరిమానా అన్నారు, జైలన్నారు, ఊరి నుంచి వెళ్ళగొడతామన్నారు, అయినా రాత్రిళ్ళు వచ్చి పెరుక్కుపోవడం ఆగలేదు. చివరికి 1552లో చుట్టూ ఈ గోడ కట్టేశారు. నేను ఆ గోడ పక్కనే ఒక చుట్టు నడిచాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన బెంచీ మీద అక్కడే ఉన్నారు. "ఏమయింది?" "గోడ చూసొచ్చా." "గోడా?" అంటూ నా మొహంలోకి చూశారు. దొంగల కథ చెప్పాక మాత్రం కాస్త లేచి కూర్చున్నారు.

ఇక్కడ అందరూ చూడటానికి వచ్చేది ఒక తాటి జాతి మొక్కని. 1585లో నాటింది, తోటలో ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద వయసు దానిదే. ఎనిమిది పలకల గాజు గదిలో ఉంటుంది. జర్మన్ కవి గ్యోతె 1786లో ఇక్కడికి వచ్చి దీన్నే చూస్తూ ఉండిపోయాడట. నాలుగేళ్ళ తర్వాత, మొక్కలో రకరకాలుగా కనబడే భాగాలన్నీ ఆకు రూపం మార్చుకున్నవేనని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. ఈ చెట్టుకి ఆయన పేరే పెట్టేశారు.

సరే, గ్యోతెకి ఏం కనబడిందో నాకూ కనబడుతుందేమోనని గాజుకి ముక్కు ఆనించి నిలబడ్డాను. మొదట కనబడింది చీపురుకట్టలా ఒక గుబురు, అంతే. కాసేపు ఒక్క మొదలు దగ్గరే చూపు నిలిపాను. అడుగున చిన్న పిలక. దాని మొదటి ఆకు కత్తిలా సాదాగా, చీలిక లేకుండా ఉంది. దాని పైది కొసన రెండుగా చీలింది. ఇంకో ఆకు అయిదారు పాయలైంది. అలా పైకి పోతుంటే విసనకర్రలా విచ్చుకున్న నిండు ఆకు. ఒకే ఆకు చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా తీసిన ఫొటోలన్నీ వరసగా పేర్చినట్టుంది. ఇది బోర్డు చదివితే తెలిసేది కాదు. బోర్డు ఫొటో తీసుకుని వెళ్ళిపోయుంటే నాకు మిగిలేది ఒక లాటిన్ పేరే.

ఆ తోటలో 1750 నాటి గింకో చెట్టు కూడా ఉంది. అది మగచెట్టు. తర్వాతెప్పుడో ఆడకొమ్మ తెచ్చి దానికే అంటు కట్టారు, బడిపిల్లలకి రెండూ ఒకే చోట చూపించవచ్చని. మా ఆయన దీనికి బాగా నవ్వారు.

ఇక వెర్సాయ్. మహలు వైపు జనం చీమల బారులా పోతుంటే మేము పక్క వీధిలోకి తిరిగాం. రాజుగారి కూరల తోట మహలు ఆవరణలో కాదు, విడిగా ఉంటుంది. వచ్చిన కొద్దిమందిలోనూ సగం మంది దారి తప్పి వచ్చినవాళ్ళలా ఉన్నారు.

పద్నాలుగో లూయీ కోసం 1678 నుంచి 1683 దాకా అయిదేళ్ళు పట్టింది దీన్ని తయారుచేయడానికి. చేయించినవాడు ఝాన్ బతీస్త్ ద లా కాంతినీ. లా చదివి, లాయరు పని వదిలేసి మట్టిలో చేయి పెట్టినవాడు. ఆయనకి ఇచ్చిన స్థలం కంపుకొట్టే చెరువు అని పేరుపడ్డ ఒక బురదగుంట. నీరు తోడించి, పక్కనే తవ్వుతున్న పెద్ద కొలను మట్టి తెచ్చి నింపి, కింద కాలవలు పెట్టి, పైన మంచి మన్ను పరిచారు. ఆ కొలను తవ్వింది రాజు దగ్గర పనిచేసే స్విస్ సైనికులు. అందుకే దాన్ని స్విస్‌ వాళ్ళ కొలను అంటారు. మొత్తం తోట 9 హెక్టార్లు, అంటే ఇరవై రెండెకరాలకి పైమాటే. మధ్యలో పెద్ద చదరం, దాన్లో పదహారు మడులు, నట్టనడుమ నీళ్ళు చిమ్మే గుండ్రటి తొట్టి. చుట్టూ ఎత్తు గట్లు, వాటి మీద నడుస్తూ కిందికి చూడవచ్చు. రాజు అలాగే నడిచేవాడట. పనివాళ్ళు కింద, ఆయన పైన.

నిజం చెప్పాలంటే ఆ పదహారు మడుల్లో చాలావాటిల్లో మట్టే ఉంది. ఒకచోట నారు, ఒకచోట ఎండుగడ్డి కప్పిన వరసలు, ఒక మూల పేడ కుప్ప. ఎవరైనా పోస్టు కార్డులో బొమ్మ చూసి వస్తే ఏడుపొస్తుంది. కూరల తోటకి వెళ్ళేముందు ఈ ఒక్కటి మనసులో పెట్టుకోవాలి. అక్కడ కోత ఉంటుంది, ఖాళీ ఉంటుంది, మళ్ళీ విత్తడం ఉంటుంది. ఎప్పుడూ నిండుగా రంగులతో ఉండేది కావాలంటే ఫ్రాన్స్‌లోనే ఉన్న విల్లాండ్రీ కోటకి వెళ్ళాలి. అక్కడ తొమ్మిది చదరాల్లో క్యాబేజీనీ బీట్‌రూట్‌నీ ముగ్గు వేసినట్టు నాటుతారు, ఏడాదికి రెండు విడతలు. ఇదివరకు వెళ్ళిన ఏడాది నాకూ అది తెగ నచ్చింది. ఫొటోకి అంత బాగుండేది ఇంకోటి లేదు. కానీ ఆ తోట ఈ రూపంలోకి వచ్చింది 1906లో హొవాకిన్ కర్వాల్లో అనే స్పెయిన్ దేశస్థుడు కోట కొన్న తర్వాతే. పాత కాలం తోట ఎలా ఉండి ఉంటుందో ఊహించి కట్టింది. వెర్సాయ్‌లో మాత్రం అదే మట్టి, అదే పని, పైగా ఇప్పుడు కూడా తోటల డిజైన్ నేర్పే బడి అక్కడే ఉంది.

మట్టి వదిలేసి గట్ల వెంబడి గోడల వైపు నడిచాను. అప్పుడు చూశాను పేరు చెట్లని. బేరిపండు అని కూడా అంటాం కదా, ఆ చెట్లే. ఒక్కటీ చెట్టులా లేదు. గోడకి అంటించిన దీపస్తంభాల్లా ఉన్నాయి. మధ్యలో కాండం, రెండు పక్కలా రెండేసి మూడేసి కొమ్మలు అడ్డంగా పోయి, ఒక్కసారిగా తిన్నగా పైకి లేచి, అన్నీ ఒకే ఎత్తున ఆగిపోతాయి. ఆకులింకా సరిగా రాలేదు కాబట్టి ప్రతి కత్తిరింపు కనబడుతోంది. ఒక కొమ్మ మీద దగ్గరగా చూస్తే ముడతలు పడ్డ వేలి కణుపుల్లా పొట్టి రెమ్మలు. ఏటా ఒకే చోట కత్తిరించి కత్తిరించి అక్కడ కణుపు మీద కణుపు కట్టింది. అలాంటి ఒక కణుపు మీదే అయిదో ఆరో తెల్లటి పువ్వులు, గుత్తిగా. పువ్వు లోపల కేసరాల కొసలు మాత్రం ముదురు ఎరుపు. తీగకి కట్టిన ముడి దగ్గర కాస్త సందు వదిలారు, కొమ్మ లావెక్కితే కోసుకుపోకుండా. ఎంతమంది ఎన్ని ఏళ్ళు వంచితే ఆ చెట్టు అలా వచ్చిందో.

ఇదంతా అందం కోసం అనుకున్నాను. అక్కడ పనిచేస్తున్న ఒకమ్మాయిని నాకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో అడిగాను. మాటలతో చెప్పే బదులు ఆ అమ్మాయి చేతి తొడుగు తీసి గోడకి అరచెయ్యి ఆనించి చూపించింది, మీరూ పెట్టండి అన్నట్టు. పెట్టాను. గాలి చలిగా ఉంది, నా మెడకి మఫ్లర్ ఉంది. గోడ మాత్రం గోరువెచ్చగా ఉంది. పగలు తాగిన ఎండని గోడ రాత్రి నెమ్మదిగా వదులుతుంది. పూత మీద మంచు పడే కాలంలో ఆ కాస్త వేడే పంటని కాపాడుతుంది. కొమ్మలు పరిచి గోడకి ఆనించింది అందుకు. దక్షిణం వైపు చూసే గోడకి పీచ్, ఎండ సరిగా పడని ఉత్తరపు గోడకి పుల్ల చెర్రీ. ఒకే గోడకి రెండు ముఖాలు, రెండు ఋతువులు. ఇలా గోడల మధ్య చిన్న చిన్న తోటలు దాదాపు ముప్ఫై కట్టించాడు లా కాంతినీ, ఒక్కోదాంట్లో ఒక్కో వాతావరణం.

దానికి తోడు గుర్రాల లద్ది. రాజుగారి గుర్రపుశాలల నుంచి కావలసినంత వచ్చేది. పచ్చి లద్ది కుప్ప పోస్తే లోపల మగ్గి వేడెక్కుతుంది, దాని మీద మట్టి పరిచి విత్తి, పైన గాజు గంటలు బోర్లిస్తే చాలు. అలా డిసెంబర్‌లో ఆస్పరాగస్, జనవరిలో లెట్యూస్ రాజుగారి బల్ల మీదకి చేర్చేవాడు. అంజూరాలంటే లూయీకి ప్రాణమట. వాటికోసం తొట్టెల్లో పెంచిన చెట్లే ఏడు వందలకి పైగా ఉండేవి, చలికాలం రాగానే అన్నీ లోపలికి మోయాలి. మోసినవాళ్ళ నడుముల గురించి ఎవరూ రాయలేదు.

ఈ ఆలోచన నాకు ముందే ఒకసారి వచ్చింది, కొన్నేళ్ళ కింద అమెరికాలో మాంటిసెల్లో చూసినప్పుడు. అక్కడి మూడో అధ్యక్షుడు జెఫర్సన్ కూరల తోట. కొండ పక్కన వెయ్యి అడుగుల పొడవున చదును చేసిన గట్టు, దాన్ని మోస్తూ రాతిగోడ. 330 రకాల కూరలు వేశాడని ఏ గైడుని అడిగినా చెబుతారు. కొండ తొలిచి గోడ పేర్చింది మాత్రం బానిసలుగా ఉన్న మనుషులు. వాళ్ళు తమ గుడిసెల దగ్గర సొంతంగా కూరలు పండించుకుని, వాటిని ఆ దొరగారి ఇంటికే అమ్మేవాళ్ళు. ఇంటి లెక్కల పుస్తకంలో ఆ పద్దులు ఉన్నాయి. తోట మొత్తంలో నాకు బాగా గుర్తున్నది ఈ ముక్కే.

లండన్‌లో చెల్సీ ఫిజిక్ గార్డెన్ చిన్నది, నాలుగెకరాలు. మందుల వర్తకుల సంఘం 1673లో శిష్యులకి పాఠం చెప్పడానికి పెట్టింది. ఆ స్థలం సొంతదారు సర్ హాన్స్ స్లోన్ 1722లో ఏడాదికి అయిదు పౌన్ల అద్దెకి, ఎప్పటికీ అదే అద్దెకి ఇచ్చేశాడు. కాకపోతే ఏటా యాభై ఎండబెట్టిన మొక్కల నమూనాలు శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఇవ్వాలి, రెండు వేలు పూర్తయ్యేదాకా. ఎత్తు గోడల చాటున ఉన్న ఈ తోటలోకి మామూలు జనాన్ని రానిచ్చింది 1983లోనే. గోడల వెచ్చదనం వల్ల ఆ చలిదేశంలో ఆలివ్ చెట్టు ఆరుబయట కాస్తోంది. రాళ్ళ తోట కూడా ఒకటుంది, 1773 నాటిది. దానికి వాడిన నల్లటి లావా రాళ్ళు మొక్కల శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ వెళ్ళి ఓడలో బరువు కోసం వేసుకొచ్చినవి.

గాజు గదిలో ఒక కుండీ ముందు మా ఆయనే ఆగారు. "ఇది బిళ్ళగన్నేరు కదా!" అన్నారు, తప్పిపోయిన మనిషి కనబడ్డట్టు. అవును, అదే. మడగాస్కర్ నుంచి పారిస్‌కి, అక్కడి నుంచి పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో ఈ తోట పెద్ద తోటమాలి ఫిలిప్ మిల్లర్ చేతికి వచ్చింది. ఈ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి, మొదటిది పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి, రెండోది వేరే క్యాన్సర్లకి ఇప్పటికీ వాడే మందులు. ఆయన బోర్డు ఫొటో తీసుకున్నారు. నేను ఏమీ అనలేదు.

చివరి రోజు మాత్రం పెద్ద దెబ్బ తగిలింది. లండన్ బయట ఒక పాత బంగళా కూరల తోట చూద్దామని రైలెక్కి, దిగి, ట్యాక్సీలో వెళితే గేటుకి కాగితం. ప్రైవేట్ కార్యక్రమం, ఈ రోజు సందర్శకులకి ప్రవేశం లేదు. లోపల పెళ్ళి. వెబ్‌సైట్‌లో ఆ ముక్క లేదు, లేకపోతే నేను చూడలేదు. ఏదైతేనేం, తిరుగు రైలు నాలుగు గంటల తర్వాత. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడానికి రెండు నిమిషాలు పట్టేది. ఇలాంటి తోటలకి పెళ్ళిళ్ళే బతుకుదెరువని తర్వాత తెలిసింది.

మా ఆయన మొహం మాడిపోయింది. నాకు టెన్షన్. మాట్లాడకుండా గోడ బయట కాలిబాట మీద నడవడం మొదలుపెట్టాం, ఇంకేం చేస్తాం. ఎర్ర ఇటుక గోడ, మా ఇద్దరి ఎత్తూ కలిపితే ఎంతో అంత. సగం దూరం పోయాక ఆయన ఆగి పైకి చూశారు.

"గోడకి పొగగొట్టం ఎందుకోయ్?"

నేను చూడనే లేదు. గోడ నెత్తిన, కొంత దూరానికొకటి, కుదురుగా చిన్న చిమ్నీలు. కింద మా వైపు నేల దగ్గర ఇటుకలతో మూసేసిన పొయ్యి నోరు లాంటి కన్నం, చుట్టూ మసి నలుపు. చదివాను కానీ ఎప్పుడూ చూడలేదు, అది వేడి గోడ. గోడ లోపల బోలు. వెనక వైపు నిప్పు వేస్తే పొగ లోపలి దారుల్లో మెలికలు తిరుగుతూ పోయి పైన చిమ్నీలోంచి బయటపడుతుంది, గోడంతా వెచ్చబడుతుంది. అటు వైపు పీచ్ పూత చల్లగాలికి రాలకుండా ఉండటానికి ఇటు వైపు ఒక కుర్రాడు రాత్రంతా మేలుకుని బొగ్గు వేసేవాడు. లోపలికి వెళ్ళుంటే మేము పూత వైపే చూసేవాళ్ళం. పొయ్యి నోరు బయటే ఉంది.

ఆ నాలుగు గంటల్లో ఆయన గోడంతా తిరిగి చిమ్నీలు లెక్కపెట్టారు. ఏడు. ఒకటి విరిగింది, దాన్ని కూడా కలపాలా వద్దా అని రైల్లో కూడా వాదించారు.

వచ్చే ఏడు ఇంగ్లండ్‌లోనే కార్న్‌వాల్‌లో హెలిగన్ చూడాలని నా ఆశ. చాలా ఏళ్ళు ముళ్ళకంపల్లో కూరుకుపోయి, 1990లో మళ్ళీ బయటపడ్డ తోట. అక్కడ పనివాళ్ళ మరుగుదొడ్డి గోడ మీద తోటమాలులు పెన్సిల్‌తో రాసుకున్న పేర్లున్నాయి, 1914 ఆగస్టు తేదీతో, మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన నెల. వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. పక్కనే, లద్ది వేడితో అనాస పండించే గుంత ఇప్పటికీ పనిచేస్తోంది.

మొన్న రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తాను.

"అక్కడ కూడా గోడలేనా?" అన్నారు.

"ఒక గోడ ఉంది. మిగతాదంతా లద్ది."

ఆయన కాసేపు ఆలోచించి, "బెంచీ ఉంటుందా?" అని అడిగారు.